వాషింగ్టన్ ఇంట్లోంచి వెళ్లిపోయిన ఓనా: అమెరికా విప్లవంలో మనం చదువుకోని పేర్లు

1796 మే నెల. అమెరికాకు అప్పుడు ఫిలడెల్ఫియా రాజధాని. తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్, ఆయన భార్య మార్తా భోజనానికి కూర్చున్నారు. సరిగ్గా ఆ వేళ చూసుకుని ఓనా జడ్జ్ ఆ ఇంటి గడప దాటి వెళ్లిపోయారు. ఆమెకు ఇరవై రెండేళ్లు ఉంటాయి. మార్తాకు బట్టలు కుట్టడం, ముస్తాబు చేయడం ఆమె పని. జీతం లేదు, ఎందుకంటే ఆమె బానిస. తనను మార్తా మనవరాలికి పెళ్లి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిశాక ఇక ఆగలేదు. రెండు మూడు రోజులకే పత్రికల్లో ప్రకటన వచ్చింది: పట్టి ఇచ్చినవారికి పది డాలర్ల బహుమతి.

అమెరికా విప్లవం అనగానే మనకు గుర్తొచ్చేది స్టాంపు చట్టం, బోస్టన్ రేవులో సముద్రం పాలైన టీ పెట్టెలు, 1776 జూలై 4 స్వాతంత్ర్య ప్రకటన. వాటి వెంట వాషింగ్టన్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్, ఆడమ్స్. మేమూ డిగ్రీలో అంతే చదువుకుని మార్కులు తెచ్చుకున్నాం. ఆ పేర్లు ముఖ్యమైనవి కావని మేము అనడం లేదు. కానీ అప్పటి పదమూడు కాలనీల్లో జనాభా సుమారు 25 లక్షలు. అందులో దాదాపు 5 లక్షల మంది, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు బానిసలు. ఆ ఐదో మనిషి ఎవరో తెలియకుండా ఈ విప్లవం అర్థం కాదు.

మొదటి నెత్తురు ఎవరిది?

1770 మార్చి 5న బోస్టన్ వీధిలో బ్రిటిష్ సైనికులు గుంపు మీద కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. వారిలో ముందు నేలకొరిగిన వ్యక్తిగా చెప్పేది క్రిస్పస్ ఆటక్స్ పేరు. ఓడల మీద పనిచేసే కార్మికుడు, ఆఫ్రికన్, ఆదివాసీ మూలాలున్న మనిషి. ఆ సైనికుల తరఫున కోర్టులో వాదించింది జాన్ ఆడమ్స్, తర్వాత రెండో అధ్యక్షుడైన ఆయనే. గుంపులో నల్లవాళ్లు, ఐరిష్ వాళ్లు, ఓడ కూలీలు ఉన్నారని ఎత్తిచూపుతూ, తప్పు ఆ అల్లరి మూకదేనని, ఆటక్స్ రూపమే భయం పుట్టించేదని ఆయన వాదించారు. చాలామంది సైనికులు నిర్దోషులుగా బయటపడ్డారు. కాల్చినవాడి కంటే చచ్చినవాడి రూపమే నేరం కావడం మన పాఠకులకు కొత్త విషయం కాదు.

కవిత్వానికి పద్దెనిమిది మంది సాక్ష్యం

ఫిలిస్ వీట్లీని 1761లో పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చి బోస్టన్‌లో అమ్మారు. ఏడెనిమిదేళ్ల పిల్ల. తనను మోసుకొచ్చిన ఓడ పేరే ఆమెకు పేరైంది, కొన్న కుటుంబం పేరే ఇంటిపేరైంది. ఆ ఇంట్లోనే చదువు నేర్చి కవిత్వం రాశారు. 1773లో లండన్‌లో ఆమె పుస్తకం అచ్చయింది. ఆ కవితలు ఆమే రాశారని ధ్రువీకరిస్తూ గవర్నర్‌తో సహా పద్దెనిమిది మంది బోస్టన్ పెద్దలు సంతకాలు చేయాల్సి వచ్చింది. వాషింగ్టన్ మీద ఆమె రాసిన కవితకు ఆయన మర్యాదగా జవాబు రాశారు. జెఫర్సన్ మాత్రం ఆమె రాసింది విమర్శకు కూడా తగదని కొట్టిపారేశారు. స్వేచ్ఛ వచ్చాక ఆమెను పేదరికం వదల్లేదు. రెండో పుస్తకం అచ్చుకు నోచుకోలేదు. 1784లో ముప్పై ఏళ్లు దాటీ దాటకముందే చనిపోయారు.

మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారని రాసిన ఇదే జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందలకు పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నారు. బానిస వ్యాపారానికి బ్రిటిష్ రాజును తప్పుపడుతూ ప్రకటన చిత్తుప్రతిలో ఆయన ఒక పేరా రాసిన మాట నిజమే. కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. సౌత్ కరోలినా, జార్జియా ఒప్పుకోలేదు.

వంటింట్లో విని, కోర్టులో అడిగి

మసాచుసెట్స్‌లోని షెఫీల్డ్ ఊళ్లో జాన్ ఆష్లీ అనే పెద్దమనిషి ఇంట్లో బెట్ అనే బానిస స్త్రీ ఉండేవారు. మనుషులు పుట్టుకతో సమానులు, స్వేచ్ఛాజీవులు అనే షెఫీల్డ్ తీర్మానాలను 1773లో రాసింది ఆ ఇంట్లోనే. అదే ఇంటి యజమానురాలు ఒకరోజు కాలుతున్న గరిటె లాంటి పారతో ఇంకో అమ్మాయిని కొట్టబోతే, బెట్ తన చెయ్యి అడ్డుపెట్టారు. మచ్చ పడిపోయింది. ఆమె దాన్ని కప్పుకోకుండా, ఏమైందని అడిగినవాళ్లను యజమానురాలినే అడగమనేవారట.

1780లో మసాచుసెట్స్ కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. మనుషులందరూ పుట్టుకతో స్వేచ్ఛగా, సమానంగా ఉన్నారని అందులో రాశారు. ఆ మాట బెట్ చెవిన పడింది. చదవడం, రాయడం రాని ఆమె నేరుగా థియోడర్ సెడ్జ్‌విక్ అనే వకీలు దగ్గరికి వెళ్లారు. ఆ షెఫీల్డ్ తీర్మానాల రచనలో ఉన్నది కూడా ఆయనే. ఆ చట్టం తనకు వర్తించదా అని అడిగారు. బ్రోమ్ అనే మరో బానిసతో కలిపి వేసిన కేసును 1781 ఆగస్టులో జ్యూరీ విన్నది. ఇద్దరూ బానిసలు కాదని తీర్పు చెప్పి, ముప్పై షిల్లింగులు నష్టపరిహారం ఇమ్మంది. బెట్ తనకు తాను ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ రాష్ట్రంలో బానిసత్వం చట్టబద్ధత కోల్పోవడానికి ఈ కేసు, ఆ వెంటనే నడిచిన క్వాక్ వాకర్ కేసులు దారి వేశాయి.

పెద్దవాళ్లు రాసుకున్న మాటను పట్టుకుని, ఇది నాకు కూడా అని నిలదీయడం చిన్న పని కాదు. ఆ రాజ్యాంగం రాసినవాళ్లను మనకు పరిచయం చేశారు. దాన్ని నిజం చేయమని అడిగిన మనిషిని పరిచయం చేయలేదు.

ఇంకో వాషింగ్టన్

1775 నవంబరులో వర్జీనియా బ్రిటిష్ గవర్నర్ డన్‌మోర్ ఒక ప్రకటన చేశారు. తిరుగుబాటుదారుల బానిసలు వచ్చి రాజు సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తామన్నారు. దయతో కాదు, యుద్ధావసరం కొద్దీ. తన సొంత బానిసలను ఆయన విడిచిపెట్టలేదు. అయినా వేల మంది బయలుదేరారు. చాలామందిని మశూచి మింగేసింది. వెళ్లినవారిలో జార్జ్ వాషింగ్టన్ తోటలోంచి పారిపోయిన హ్యారీ వాషింగ్టన్ ఒకరు. యుద్ధం ముగిశాక, మా ఆస్తిని మాకు అప్పగించండని జార్జ్ వాషింగ్టన్ బ్రిటిష్ సేనానిని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. న్యూయార్క్ నుంచి ఓడలెక్కిన సుమారు మూడు వేల మంది నల్లవారి పేర్లు ఒక పుస్తకంలో నమోదయ్యాయి. హ్యారీ నోవా స్కోషియాకు, అక్కడి నుంచి 1792లో సియెర్రా లియోన్‌కు వెళ్లారు. అక్కడ భూమిపై కంపెనీ వేసిన పన్నుకు ఎదురు తిరిగినవారితో కలిసి 1800లో శిక్షకు గురై బహిష్కృతులయ్యారు. పన్ను మీద తిరగబడ్డ ఒక వాషింగ్టన్ జాతిపిత అయ్యారు. ఇంకొకరు ఊరు వదలాల్సి వచ్చింది.

మిగిలిపోయిన లెక్క

1787 రాజ్యాంగంలో బానిస అనే మాట ఎక్కడా కనపడదు. కానీ సీట్ల లెక్కకు ఐదుగురు బానిసలను ముగ్గురిగా గణించే నిబంధన ఉంది. పారిపోయినవారిని తిరిగి అప్పగించాలన్న నిబంధనా ఉంది. ఆ వ్యవస్థను రద్దు చేసిన పదమూడో సవరణ 1865లో గానీ రాలేదు. ఆ విముక్తి కోసం పాటుపడిన అమెరికన్లకే జ్యోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరి పుస్తకాన్ని అంకితమిచ్చారు. శూద్ర, అతిశూద్రుల విడుదలకు మన దేశస్థులు దాన్ని ఆదర్శంగా తీసుకోవాలని కోరారు. విప్లవ నాయకులను వదిలి, వారు మిగిల్చిన పనిని పూర్తి చేసినవారి వైపు ఆయన చూశారు.

ఓనా న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరారు. వెనక్కి రప్పించాలని వాషింగ్టన్ ఒకటికి రెండుసార్లు మనుషుల ద్వారా ప్రయత్నించారు. ఆమె చిక్కలేదు. ఒక నావికుడిని పెళ్లి చేసుకుని, పిల్లలను కని, భర్తనూ పిల్లలనూ పోగొట్టుకుని, పేదగానే బతికారు. ముసలితనంలో ఆమెను కలిసిన పత్రికలవాళ్లు, అధ్యక్షుడి ఇల్లు వదిలి ఇన్ని కష్టాలు పడ్డందుకు బాధ లేదా అని అడిగారు. లేదన్నారు. నేను స్వేచ్ఛగా ఉన్నాను అన్నారు. 1848లో చనిపోయే నాటికి, చట్టం లెక్కలో ఆమె ఇంకా పారిపోయిన బానిసే.