కోనసీమలో ఒకనాటి రుచియాత్ర

మన లాక్షణికులు కవిత్వపు రుచిని మూడు పండ్లతో పోల్చి చెప్పిరి. నోట వేసికొనినంతనే కరగునది ద్రాక్షాపాకము. తొక్క యొలిచినగాని రుచి తెలియనిది కదళీపాకము. పీచు తీసి, చిప్ప పగులగొట్టినగాని తీపి యందనిది నారికేళపాకము. మొదటిదానిని లోకమంతయు మెచ్చుకొనును. కడపటిది మా కోనసీమకు దైవమిచ్చిన పాలు. అరటియు మాకు గలదు. ద్రాక్ష మాత్రము లేదు. గౌతమి కావలియొడ్డున ద్రాక్షారామ మున్నది గదా యని యెవరైన నడుగవచ్చును. అది దక్షుని పేర వెలసిన చోటని స్థలపురాణము. శ్రీనాథుడు భీమేశ్వరపురాణమున కొనియాడిన యా క్షేత్రమున ద్రాక్ష పేరునందే గాని పందిళ్లమీద కానరాదు.

ఈ ద్రాక్ష ప్రసక్తి యెందుకనగా, విదేశములలోని బిడ్డలను చూచివచ్చిన మా యిరుగుపొరుగు వారెల్లరు నేడు ఒకే విశేషము చెప్పుచున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపట్ల కాపురమున్న తెలుగువారు తమ యింటికి వచ్చిన చుట్టములను నాపా లోయకు తీసికొనిపోయి ద్రాక్షతోటలు చూపుదురట. ఫ్రాన్సు దేశమున బోర్డో నగరము నుండి ఆరుగురో యెనమండుగురో ఒక చిన్న మోటారు వాహనములో ప్రొద్దుటనే బయలుదేరి సెంతెమిలియో అను పాతకాలపు పట్టణమునకు పోవుదురు. అచ్చట కొండరాతిని తొలిచి మలచిన చర్చి యొకటి గలదు. ఆ సీమను 1999లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. దానిని చూచి, చెంతనున్న తోటలలో ద్రాక్షాసవము రుచి చూచి, దీపాల వేళకు ఇల్లు చేరుదురు. మన దేశమునను నాసిక్ కడ సూలా వారు 2005లో ఇట్టి రుచిశాలను తెరచిరి.

"వైను" అను మాట చెవినబడగానే మన సోదరీమణులలో ననేకులకు మనసు కలత పడునని మే మెరుగుదుము. అందుకు వారిని తప్పుపట్ట వీలులేదు. మన యూళ్లలో "వైన్స్" అని పలక కట్టిన అంగడిలో ద్రాక్షకు సంబంధించినది చూడవలెనన్న వెదకవలెను. బ్రాందీ, విస్కీలకు వెదకులాట యక్కరలేదు. ఆ పలక క్రింద ఎందరి కూలిడబ్బు కరగిపోయినదో, ఎందరి పుస్తెలు తాకట్టు పడినవో ఆయా యింటి ఇల్లాండ్రకు తెలియును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొనుచున్న స్త్రీలు సారా అంగడిపై తిరుగబడిరి. ఆ నిప్పు రాష్ట్రమంతయు ప్రాకినది. 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. రెండవది రెండేండ్లు మాత్రమే నిలిచి 1997లో తొలగిపోయినది. ఇంత చరిత్ర కన్నులముందు పెట్టుకొని మద్యమునకు పల్లకి మోయ మాకు చేతులు రావు.

అయినను ఆ యాత్రల పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. వారు గుక్కలు మ్రింగరు. గాజుపాత్రను మెల్లగ త్రిప్పి, వాసన చూచి, ఒక్క చుక్క నాలుకపై నిలుపుదురు. పలువురు దానిని ఉమ్మివేయుదురు కూడ. ఏలన మత్తు తలకెక్కినచో రుచి తెలియదు. తేలికదానితో మొదలుపెట్టి ఘాటైనదానికి పోవుదురు. నడుమ నీళ్లతో నోరు పుక్కిలింతురు. తోటవారు ఎదుట నిలిచి నేల యెట్టిదో, ఆ యేడు వాన లెట్లు కురిసినవో చెప్పుదురు. చాల తోటలలో రుచి చూచుటకు వెల యున్నది. సరుకు కొన్నవారికి కొన్నిచోట్ల ఆ వెల తగ్గింతురు. 1976లో పారిస్ నగరమున సీసాల పేర్లు కప్పిపెట్టి పరీక్ష చేసినప్పుడు, ఫ్రెంచి పరీక్షకులే తమ దేశపు ప్రసిద్ధ మద్యములకంటె కాలిఫోర్నియావానికి ముందుపీట వేసిరట! పేరు తెలియనప్పుడు గదా నాలుక నిజము పలుకుట.

ఇక మన యాత్రల తీరు చూతము. ఒక వాహనములో ఇరువదిమందిని కుక్కి, ఒక్కనాట తొమ్మిది గుడులు త్రిప్పుదురు. చెప్పులు విడుచుట, తొడుగుకొనుట, "ఎక్కండి, ఎక్కండి" యను కేకలు, త్రోవలో అట్టపెట్టెలలో మిఠాయి, ఇల్లు చేరునప్పటికి కాళ్లవాపు. ఏ గుడిలో ఏ దేవుడో మరునాటికి జ్ఞాపకముండదు. అయిదారుగురకు మించక, ఒక దేవాలయము, ఒక చేతిపని, ఒక తోట — ఇంతటితో తృప్తిపడినచో దినమంతయు మనదే యగును. గడచిన మాఘమాసములో ఒక ఆదివారము మేము అయిదుగురము అమలాపురము నుండి అట్లే బయలుదేరితిమి. బడులకు సెలవు గనుక ఇంట వంటభారము పురుషుల పాలైనది. పప్పు మాడినదని తరువాత వింటిమి. అది వారి రుచియాత్ర.

కొత్తపేట, రావులపాలెముల మీదుగా ముందు ర్యాలి చేరితిమి. గుడి తలుపులు మధ్యాహ్నము మూయుదురు గావున దేవుని దర్శనము ఉదయముననే కావలెను. జగన్మోహినీ కేశవస్వామి ఇచ్చట ఒకే నల్లరాతియందు ముందు కేశవుడు, వెనుక మోహిని. అర్చకులు దీపము పట్టి వెనుకభాగమున కొప్పు ముడిని, నడుము వంపును చూపుదురు. స్వామి పాదములకడ నీరు ఊరుచునే యుండును. ఎదురుగా ఉమాకమండలేశ్వరుని ఆలయము. మోహినిని శివుడు వెంబడించినప్పుడు ఆమె కొప్పులోని పువ్వు రాలినచోటు గనుక ర్యాలి యైనదని పెద్దలు చెప్పుదురు. పువ్వు మాట యెట్లున్నను, ధవళేశ్వరమున కాటన్ దొర 1847 నుండి 1852 వరకు కట్టించిన ఆనకట్ట నాలుగు భాగములలో ఒకటి ఈ యూరి పేరనే యుండెను.

మోహిని యెదుట నిలిచినప్పుడు మాకు భాగవతములోని అష్టమస్కంధము తలపునకు వచ్చినది. పాలకడలి నుండి వారుణి పుట్టెను. దానిని అసురులు గైకొనిరి. పిదప ధన్వంతరి చేత అమృతకలశము వచ్చెను. ఆ కలశమును పంచిపెట్టు పని యొక స్త్రీరూపమునకు వచ్చినది. ఎవరికెంత, ఎవరికి ముందు, ఎవరికి లేదు — అంతయు ఆమె గరిటెలో నున్నది. పురాణమును ప్రతి యింటి వంటగదిలో దినమునకు రెండుపూటల చూచుచునే యున్నాము. గరిటె పట్టిన చేయి కడపట ఏమి తినునో పురాణముకూడ చెప్పలేదు.

అచ్చటికి చేరువనే ఆత్రేయపురము. పూతరేకు అను పేరులోనే పని యున్నది: పూత పూయగా వచ్చిన రేకు. నానబెట్టిన బియ్యమును వెన్నవలె రుబ్బి, పలుచని పాలవలె జారు పిండి చేయుదురు. ప్రత్యేకముగా చేయించిన కుండను పొయ్యిమీద బోర్లించి, క్రింద ఎండు కొబ్బరియాకుల మంట వేయుదురు. పలుచని గుడ్డను పిండిలో ముంచి కుండ వీపుమీద ఒక్కసారి లాగినంతనే తెల్లని పొర ఏర్పడును. దానిని చిరుగకుండ లేవదీయుట చేతికి తెలిసిన విద్య. మంట యెక్కువైన మాడును, తగ్గిన అంటుకొనును. మేము చూచిన ఇల్లాలు ఒక చేత ఆకు త్రోయుచు, రెండవచేత గుడ్డ లాగుచు, మాతో మాటలాడుచునే యుండెను. మాలో ఒకరు ప్రయత్నింపగా మూడు రేకులు ముక్కలైనవి. ఆమె వానిని ఇంటి పిల్లలకు పెట్టినది.

ద్రాక్షతోటలవారి పద్ధతి ననుసరించి మేము వట్టి రేకుతో మొదలిడితిమి. అది నాలుకపై నిలువక, బియ్యపు వాసనను మాత్రము విడిచి మాయమగును. తరువాత నెయ్యియు పంచదార పొడియు జల్లినది. ఆపైని బెల్లము వేసినది. నడుమ మంచినీళ్లు. బెల్లపు రేకులో నెయ్యి మంచిదో కాదో దాగవచ్చును, పంచదార రేకులో దాగదు. ఇప్పుడు జీడిపప్పు, బాదముపప్పు కూరిన రకములు అంగళ్లలో మెండు. అవి మా కంతగా రుచింపలేదు. రేకు చేసినయామె పనితనము పప్పుల క్రింద నలిగిపోవుచున్నది.

వెల యియ్యబోగా ఆమె చేయి వెనుకకు తీసికొని, "రుచి సూడ్డానికి డబ్బులేంటండమ్మా! నచ్చితే కొనుక్కోండి, లేపోతే లేదండి" అన్నది. ఇది మన మర్యాద, మెచ్చదగినదే. కాని రేకు తీయు ఇల్లు వేరు, చుట్టి అమ్ము అంగడి వేరు. పొయ్యికడ కూర్చున్నయామెకు ముట్టునది రేకుల లెక్కన వచ్చు కూలి. అంగడి వెలలో ఎక్కువపాలు నేతికి, పెట్టెకు, బేరమునకు పోవును. 2023లో ఆత్రేయపురము పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. వేరొక చోట చేసినదానిని ఈ పేరున అమ్మరాదు. పేరునకు రక్షణ వచ్చినందుకు సంతోషమే. పొగకు ఎరుపెక్కు కన్నులకు ఆ గుర్తింపు ఇంకను అందలేదు. పరదేశీయులు రుచికి వెల యిచ్చుట వింతగా తోచినను, న్యాయము వారివైపే యున్నదని మా తలంపు. మేము అయిదుగురము తలకొక వంద చొప్పున పళ్లెము క్రింద నుంచి, రేకులు కూడ ఆమెవద్దనే కొని లేచితిమి. ఇంట చుట్టుకొనుట ఏపాటి పని! తడిగుడ్డతో ఒకసారి అద్దినచో రేకు మెత్తబడి చుట్టకు వచ్చును.

మధ్యాహ్నము గన్నవరము వచ్చితిమి. వైనతేయనదిమీదుగా కాలువను నగరము దీవికి దాటించు అక్విడక్టు ఇచ్చటిది. క్రింద నది, పైన కాలువ. నీటిమీద నీరు నడచుట చూచి పిల్లలవలె నిలిచిపోతిమి. పాత కట్టడము పందొమ్మిదవ శతాబ్దపునాటిది. 2000లో వచ్చిన క్రొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. లంకల గన్నవరమునకు కోడలుగా వచ్చిన ఆ సాధ్వి (1841–1909) ఏ వేళ ఎవరు వచ్చినను, కులగోత్రములు విచారింపక అన్నము పెట్టెను. 2024 నుండి మన బడులలోని మధ్యాహ్నభోజన పథకము ఆమె పేర నడచుచున్నది. మేము తెచ్చుకొన్న పులిహోర పొట్లములు ఆ గట్టుననే విప్పితిమి. ఆమె పేరు చెక్కిన చోట ఒంటరిగ తిన మనసొప్పక, చేపలవల బాగుచేసికొనుచున్న ఇరువురకు పెట్టితిమి. వారు మొగమాటపడుచు తీసికొనిరి.

ఎండ వాలునప్పటికి అంబాజీపేట. కొబ్బరి బేరమునకు పేరుబడిన విపణి ఇది. కొబ్బరిపై శోధనచేయు ఉద్యానకేంద్రమును ఇచ్చటనే యున్నది. మా యూరివారికి తెలిసిన ఒక తోటలో దింపు కార్మికుడు మాకొరకు మూడు విధముల బొండాములు దించెను: పొడుగుచెట్టు దేశవాళి, బొప్పాయివలె కోలగానుండు పచ్చని గంగాబొండాము, ఈ రెంటిని సంకరము చేసి యిచ్చటి కేంద్రము వారు సాధించిన గోదావరిగంగ. ఆరేడు నెలల కాయలో నీరు నిండుగా, తీయగా నుండును. ముదిరినకొలది తీపి తగ్గి కొబ్బరి పెరుగును. ఇంటినుండి తెచ్చిన స్టీలు గ్లాసులలో పోసి, పారిస్ వారివలె పేర్లు దాచి, ఒకరికొకరము అందించుకొంటిమి. అయిదుగురిలో నలుగురము గంగాబొండామును గుర్తించితిమి. అయిదవ యామె దేశవాళికే పట్టము కట్టి, అందు తన పుట్టింటి పెరటి వాసన యున్నదని వాదించెను. ఆ వాదము ఇంకను తెగలేదు.

నీరా మాట యడుగువా రుందురు. తెల్లవారకముందు సున్నము పూసిన ముంతలో పట్టిన తాటినీరు పులియక తియ్యగ నుండును. ఎండ తగిలి కొన్ని గంటలు గడచినచో అదియే కల్లు. ఒకే చెట్టు, ఒకే ముంత, ప్రొద్దు మాత్రమే తేడా. 2023లో హైదరాబాదున హుస్సేన్‌సాగరపు ఒడ్డున నీరాకొరకే ఒక ఫలహారశాల తెరచిరి. కోనసీమలోను ఆడవారు పిల్లలతో కూర్చుండి త్రాగదగిన అట్టి చోట్లు వచ్చినచో, మోకు కట్టి తాడెక్కు గీతకార్మికునకు మత్తుతో పనిలేని బేరము దొరకును.

వెళ్లదలచినవారు ఎండలు ముదరకముందు, కార్తికము నుండి మాఘము లోపల పోవుట మేలు. మామిడితాండ్ర చూడదలచిన మాత్రము వేసవియే. ఆత్రేయపురమున చాపలమీద పొరపై పొరగా రసము పూసి యెండబెట్టుట అప్పుడే. అంతర్వేదిని ఈ త్రోవలో కలుపవలదు. సాగరసంగమమునకు ఒక దినము వేరుగ నుంచుకొనవలెను. మాఘమున స్వామి కల్యాణమునాటి జనసమ్మర్దములో రుచి చూచుటకు తావుండదు. గ్లాసులు ఇంటినుండియే తీసికొనిపోవలెను. పూతరేకులకు మూతగల రేకుడబ్బా మంచిది. గాలి తగిలిన మెత్తబడును.

మా తరువాతి యాత్ర రాజోలు మీదుగా దిండికి. ఈమారు వంటకు పప్పు వలదని, చారు చాలునని మా యింటివారు ముందుగనే చెప్పియున్నారు.