కువైట్ నుండి తిరుగు వలస (పెద్దమండ్యం ప్రాంతము)

కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలలో పది, ఇరవై, ముప్పై సంవత్సరాలు పనిచేసి, వయసు మళ్ళిన తరువాత శాశ్వతముగా స్వగ్రామానికి చేరుకొనుటను తిరుగు వలస అంటారు. ఆంధ్ర ప్రదేశ్‌లోని పెద్దమండ్యం మండలములోను, దాని చుట్టుపట్ల ఉన్న మదనపల్లె, రాయచోటి ప్రాంతాలలోను ఇది తరచుగా కనిపించే విషయము. ప్రభుత్వోద్యోగికి పదవీ విరమణ తేదీ ముందే తెలుసు, ఆ తరువాత పింఛను గాని, దాచిన భవిష్య నిధి గాని చేతికి వస్తుంది. గల్ఫ్ కార్మికునికి ఆ తేదీ తెలియదు, పింఛనూ లేదు.

నేపథ్యము

పెద్దమండ్యం తంబళ్ళపల్లె శాసనసభ నియోజకవర్గములోని మండలము. 2022 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, అప్పుడు కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేర్చబడినది. ఇక్కడ వర్షపాతము తక్కువ. వేరుశనగ పంట వానను నమ్ముకొన్నది. బోరు నీటితో పండించే టమాటాకు మదనపల్లె మార్కెట్టులో ఒక వారము ఉన్న ధర మరుసటి వారము ఉండదు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి కువైట్‌లో పనివారికి గిరాకీ ఏర్పడినప్పుడు, కడప జిల్లా నుండి, దానిని ఆనుకొని ఉన్న చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుండి వలస క్రమముగా పెరిగినది. మగవారు డ్రైవర్లుగా, వంటవారుగా, గొర్రెల కాపరులుగా, ఆడవారు ఇంటి పనివారుగా వెళ్ళారు. తెలంగాణ నుండి సాగిన గల్ఫ్ వలసలో పురుషులే ఎక్కువ. స్త్రీలు పెద్ద సంఖ్యలో వెళ్ళుట రాయలసీమ వలసలోని ప్రత్యేకత.

కువైట్‌లో కంపెనీలు, దుకాణాలలో పనిచేయువారికి 18వ నంబరు వీసా, ఇళ్ళలో పనిచేయువారికి 20వ నంబరు వీసా ఇస్తారు. రెండవ దానిని ఖాదిం వీసా అంటారు. కఫాలా పద్ధతిలో కార్మికుని నివాస అనుమతి యజమాని (కఫీల్) పేరుతో ముడిపడి ఉంటుంది. ముప్పై ఏళ్ళు పనిచేసినా విదేశీ కార్మికునికి అక్కడ స్థిరనివాస హక్కు రాదు. కాబట్టి అమెరికా వలస వలె కాక, ఈ వలస మొదటి రోజు నుండే తిరుగు ప్రయాణముతో కూడినది.

తిరిగి వచ్చు సందర్భములు

తమ ఇష్టప్రకారము, అనుకొన్న సమయానికి వచ్చువారు కొందరే. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యము కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను, ఎక్కువగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా, విమానాలలో స్వదేశానికి చేర్చారు. ఎందరో కట్టుబట్టలతో వచ్చారు. దేశము విడువవలసి వచ్చిన వ్యక్తులకు తరువాతి కాలములో ఐక్యరాజ్యసమితి పరిహార కమిషను ద్వారా 2,500 డాలర్లు, ఇతర రకాల పరిహారము కోరనివారికి 4,000 డాలర్లు చొప్పున నిర్ణయించారు.

యజమాని ఇల్లు విడిచి బయట పనిచేసుకొనువారిని గల్ఫ్‌లోని తెలుగువారు "ఖల్లివల్లి" అంటారు. వీరికి నివాస అనుమతి ఉండదు. 2018, 2020, 2024 సంవత్సరాలలో కువైట్ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇటువంటివారు అనేకులు స్వదేశానికి వచ్చారు. పాస్‌పోర్టు చేతిలో లేనివారికి భారత రాయబార కార్యాలయము ఔట్‌పాస్ ఇచ్చినది. ఎన్ని సంవత్సరాలు కష్టపడినా, వీరికి ముగింపు సొమ్ము అందుట అరుదు.

వయసు మరొక కారణము. విశ్వవిద్యాలయ పట్టా లేని 60 ఏళ్ళు దాటినవారికి 2021 జనవరి నుండి 18వ నంబరు వీసాపై అనుమతి పునరుద్ధరణ నిలిపివేశారు. 2022లో అధిక రుసుము, ప్రైవేటు ఆరోగ్య బీమా షరతులతో తిరిగి అనుమతించారు. డ్రైవరు జీతముతో ఆ ఖర్చు భరించుట అప్పుడు తేలిక కాలేదు.

ముగింపు సొమ్ము, పింఛను

కువైట్ సామాజిక భద్రతా పింఛను ఆ దేశపు పౌరులకు, ఇతర గల్ఫ్ సహకార మండలి దేశాల పౌరులకు మాత్రమే. భారతదేశానికి జర్మనీ, బెల్జియం వంటి దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలు ఉన్నవి. గల్ఫ్ దేశాలతో లేవు. ఇంటి పనివారికి చాలా కాలము ఏ కార్మిక చట్టమూ వర్తించలేదు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టము వారికి వారపు సెలవు, ఏటా 30 రోజుల సెలవు, పనిచేసిన ప్రతి సంవత్సరానికి ఒక నెల జీతము ముగింపు సొమ్ముగా నిర్ణయించినది. నెలకు 100 దీనార్ల జీతముపై పదేళ్ళు పనిచేసినవారికి 1,000 దీనార్లు వస్తాయి. 2024లో దీనారు విలువ సుమారు 270 రూపాయలు, అనగా 2,70,000 రూపాయలు. కూతురి పెళ్ళి అప్పు తీరుటకే ఇది సరిపోవచ్చును.

గల్ఫ్ వెళ్ళు కార్మికుల కొరకు కేంద్ర ప్రభుత్వము 2012లో మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన ప్రారంభించినది. ఇందులో పింఛను, పునరావాస పొదుపు, జీవిత బీమా కలిసి ఉండెను. చేరినవారు తక్కువని 2017లో దీనిని నిలిపివేశారు. 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాద మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి వర్తిస్తుంది గాని వృద్ధాప్యానికి కాదు. కేరళలో 2008 నాటి ప్రవాసుల సంక్షేమ చట్టము కింద చందా కట్టినవారికి 60 ఏళ్ళ తరువాత నెలసరి పింఛను లభిస్తుంది.

పొలము ఎవరి పేరిట?

తిరిగి వచ్చినవారి తగవులలో కఠినమైనది ఇదే. విదేశములో నివసించుచున్న భారతీయుడు ఇల్లు, ఇంటి స్థలము తన పేరిట కొనవచ్చును. వ్యవసాయ భూమి కొనుటకు 1999 నాటి విదేశ మారక ద్రవ్య నిర్వహణ చట్టపు నిబంధనలు ఒప్పుకోవు, వారసత్వముగా పొందవచ్చును. ఈ కారణముచేత గాని, తెలియక గాని, కువైట్ నుండి పంపిన సొమ్ముతో పొలాన్ని తమ్ముని పేరిట, బావమరిది పేరిట కొనుట జరుగుతుంది. ఇరవై ఏళ్ళ తరువాత అన్న తిరిగి వచ్చేసరికి తమ్ముని పిల్లలు పెద్దవారై ఉంటారు. పొలము తమదేనని వారు నమ్ముటలో వింత లేదు.

డబ్బు తనదని చెప్పి ఆ భూమిని కోరుతూ దావా వేయుటకు 1988 నాటి బినామీ చట్టము సాధారణముగా ఒప్పుకోదు. 2016 సవరణతో చట్టము మరింత కఠినమైనది. న్యాయమైన ఆదాయముతో భార్య లేదా భర్త పేరిట, పిల్లల పేరిట కొన్నది బినామీ కాదు. శాశ్వతముగా తిరిగి వచ్చి స్వదేశ నివాసి అయిన తరువాత తన పేరిట పొలము కొనుటకు ఈ అడ్డు ఉండదు. కనుక అంతవరకు సొమ్మును సొంత పేరిట ఎన్.ఆర్.ఇ. ఖాతాలో ఉంచుకొనుట మేలు. తిరిగి వచ్చిన పిదప బ్యాంకుకు తెలిపి దానిని స్థానిక ఖాతాగా మార్పించుకొనవలెను.

గ్రామములో

తల్లి కువైట్‌లో ఉండగా అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలకు, తిరిగి వచ్చిన తల్లి కొంతకాలము చుట్టము వంటిదే. జీవనాధారము సంగతి కూడా వెంటనే ఎదురవుతుంది. రాష్ట్ర ప్రభుత్వపు వృద్ధాప్య పింఛను 60 ఏళ్ళు నిండిన పేదలకు ఇస్తారు. 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలు అయినది. దానికి రేషను కార్డు, ఆదాయము, భూమి వివరాలు చూస్తారు. దీర్ఘకాలము ఊరిలో లేక కార్డులో పేరు పోయినవారు ముందుగా గ్రామ సచివాలయములో దరఖాస్తు చేసి పేరు చేర్పించుకొనవలసి ఉంటుంది.