ఒకే గోడ మీద బంధువులూ మిత్రులూ: సామాజిక మాధ్యమాల నిత్య చిరాకులు, సరదాలు

సామాజిక మాధ్యమాలను గురించిన చర్చ సాధారణంగా ఎన్నికల ప్రచారం, పిల్లల చదువులు, వ్యక్తిగత సమాచారపు చౌర్యం వంటి పెద్ద విషయాల చుట్టూ తిరుగుతుంది గాని, ఫేస్‌బుక్, వాట్సాప్‌లను నిత్యం వాడే మనిషికి రోజులో ఎదురయ్యేవి అంతకంటె చాలా చిన్నవి: అడగకుండా చేర్చిన గ్రూపు, చదివి కూడా బదులివ్వని మేనల్లుడు, చావు కబురు కింద పొరపాటున పడిన లైకు, పెదనాన్న నిజమని నమ్మి పంపిన పాత వదంతి, ఒక్క అక్షరం తప్పుపడి ఇంటిల్లిపాదినీ సాయంత్రం దాకా నవ్వించిన సందేశం. వీటిని ఆయా మనుషుల స్వభావానికి అంటగట్టి, ఫలానా ఆయనకు మర్యాద తెలియదనో, ఫలానా ఆమెకు పనిలేదనో అనుకోవడం పరిపాటి అయినా, కొంచెం నిదానించి చూస్తే వీటిలో ఎక్కువ భాగం ఆ సేవలను నిర్మించిన తీరులోంచి పుట్టినవని, అందుకే హైదరాబాదులోనైనా బ్రెజిల్‌లోనైనా ఒకే రకంగా కనిపిస్తాయని తెలుస్తుంది.

గూగుల్ సంస్థకు చెందిన ఆర్కుట్, హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం మొదలైన ఫేస్‌బుక్ రెండూ 2004లోనే పుట్టాయి. భారతదేశంలోనూ బ్రెజిల్‌లోనూ ఒక తరాన్ని అల్లుకుపోయిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఆ తొలి రోజుల్లో ఒకరి విశేషాలు తెలియాలంటే వారి పేజీకి పనిగట్టుకొని వెళ్లవలసి ఉండేది. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ ‘న్యూస్ ఫీడ్’ను, అంటే మిత్రులు చేసిన మార్పులన్నింటినీ ఒకచోట పేర్చి తెర మీదికి తానే తెచ్చే వరుసను ప్రవేశపెట్టినప్పుడు, ఎవరూ దాచని సమాచారాన్నే చూపుతున్నప్పటికీ లక్షలాది విద్యార్థులు దానిమీద నిరసనకు దిగారు. వెతికి తెలుసుకోవడానికీ, వెతకకుండానే వచ్చి ఒళ్లో పడటానికీ మధ్య ఉన్న తేడాను వారు మొదటి రోజునే సరిగ్గా గుర్తించారు. ఆ తర్వాత వచ్చిన దాదాపు ప్రతి చిరాకుకూ, ప్రతి సరదాకూ మూలం ఆ తేడాలోనే ఉంది.

ఆలిస్ మార్విక్, డానా బోయిడ్ అనే అమెరికన్ పరిశోధకులు 2011లో ట్విట్టర్ వాడకందారులను గురించి రాసిన వ్యాసంలో చర్చించిన ఒక భావన ఇక్కడ ఉపయోగపడుతుంది. మనిషి ఇంట్లో ఒక తీరుగా, కార్యాలయంలో మరొక తీరుగా, చిన్ననాటి స్నేహితుల మధ్య ఇంకొక తీరుగా మాట్లాడతాడు గనుక, అతని జీవితంలోని ఈ వలయాలన్నీ ఒకే శ్రోతృబృందంగా కుప్పపడినప్పుడు ఏ మాట ఎవరికి చెప్పాలో తెలియని స్థితి ఏర్పడుతుందన్నది దాని సారాంశం. దీన్ని సందర్భాల కలగాపులగం అనవచ్చు. తెలుగువారికి ఇది మరింత సూటిగా తగులుతుంది, ఎందుకంటే తెలుగులో నోరు విప్పాలంటే ముందుగా నువ్వు అనాలా, మీరు అనాలా, బాబాయి అనాలా, సారు అనాలా అన్నది తేల్చుకోక తప్పదు. సొంత జీవితంలోని వలయాలన్నీ ఒకచోట చేరేది మామూలుగా పెళ్లి పందిట్లో మాత్రమే, అదీ ఒకటి రెండు రోజులకు, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే పెద్దల సమక్షంలో. సామాజిక మాధ్యమం మాత్రం ఏడాది పొడవునా విప్పని పందిరి. అందువల్ల పై అధికారి చూస్తున్నాడన్న సంగతి మరచి సెలవు రోజు ఫొటో పెట్టిన ఉద్యోగి, మేనత్త చదువుతుందన్న స్పృహ లేకుండా స్నేహితుడితో వేళాకోళమాడిన కుర్రవాడు ఇద్దరూ ఒకే చిక్కులో పడతారు. వ్యాఖ్యలలో అపరిచితులు సైతం ఒకరినొకరు అన్నా, అక్కా, సర్, గారూ అని సంబోధించుకోవడం ఈ చిక్కు నుంచి తెలుగువారు తమంతట తాము కనుగొన్న దారి, అది చాలా మేలైన దారి.

వాట్సాప్ గ్రూపుల సంగతి మరికొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది. 2009లో జాన్ కూమ్, బ్రయన్ ఆక్టన్ స్థాపించిన ఈ సేవలో ఒక గ్రూపులో ఉండగల సభ్యుల సంఖ్య 2016లో 256కు, 2022లో మొదట 512కు, ఆ తర్వాత 1,024కు పెరిగింది. కుటుంబం, అపార్టుమెంటు, కాలనీ సంక్షేమ సంఘం, పిల్లల బడి, పదో తరగతి బ్యాచ్ ఒక్కొక్కటీ ఒక గ్రూపు అయినప్పుడు, ఎవరూ ఎవరినీ అడగకుండానే చేర్చగల సౌలభ్యం చాలాకాలం పాటు పెద్ద చికాకుగా ఉండేది. 2019 ఏప్రిల్‌లో గాని తనను ఎవరు చేర్చవచ్చో నిర్ణయించుకునే వీలు వాడకందారుకు దక్కలేదు. చేరడం కంటె బయటపడటం ఇంకా కష్టమైన పని. ‘ఫలానావారు వెళ్లిపోయారు’ అన్న వాక్యం అందరి తెర మీద పడేది గనుక, పినతండ్రి కొడుకు నడిపే గ్రూపు నుంచి తప్పుకోవడమంటే శుభకార్యం మధ్యలో లేచి వెళ్లిపోవడంతో సమానమని భావించి, ఏళ్ల తరబడి నోటిఫికేషన్లు మూగబెట్టి ఉండిపోయినవారు అసంఖ్యాకులు. 2022 ఆగస్టులో వచ్చిన మార్పుతో ఈ సమాచారం అడ్మిన్లకు, అంటే గ్రూపును నిర్వహించేవారికి మాత్రమే చేరుతోంది. అయినా గత 60 రోజుల్లో వెళ్లిపోయినవారి జాబితా గ్రూపు వివరాల్లో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది గనుక, మొహమాటం పూర్తిగా తీరలేదు. ఇక సభ్యులు పెట్టిన అభ్యంతరకర సందేశాలకు అడ్మిన్ కూడా శిక్షార్హుడన్న భయం చాలామందిలో ఉన్నా, కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుడి తప్పు అతని మీదికి రాదని కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పింది.

ఇవే గ్రూపులు ఇచ్చిన సంతోషాన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లా పరిషత్ పాఠశాలల్లో పదో తరగతి పూర్తిచేసినవారు ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత ఒకరినొకరు వెతికి పట్టుకొని, ముసలివారైన తమ ఉపాధ్యాయులను పిలిచి శాలువాలు కప్పే పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు ఇప్పుడు దాదాపు ప్రతి మండలంలోనూ జరుగుతున్నాయంటే, వాటి వెనుక ఉన్నది ఎవరో ఓపికపరుడు ఒక్కొక్క ఫోన్ నంబరూ కూడబెట్టి నడిపిన గ్రూపే. ఆ వెతుకులాటలో తెలుగు పేర్లు పెట్టే ఇబ్బంది ఒకటి ఉంది: ఇంటిపేరు ముందుండే తెలుగు పద్ధతికీ, ఇంటిపేరును చివర అడిగే ఫేస్‌బుక్ పద్ధతికీ పొత్తు కుదరక, ఒకరు ఇంటిపేరును ముందు, మరొకరు వెనుక రాయగా, పెళ్లితో ఇంటిపేరు మారిన స్త్రీలు కొత్త పేరుతో నమోదు కాగా, పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు సైతం వెదుకులాటకు అందకుండా పోతుంది.

2014 నవంబరులో వాట్సాప్ తెచ్చిన నీలి టిక్కులు, అంటే పంపిన సందేశాన్ని అవతలివారు తెరిచి చూశారని తెలిపే రెండు గుర్తులు, మానవ సంబంధాలలోకి అంతకు ముందు లేని ఒక కొత్త నిష్ఠూరాన్ని తీసుకువచ్చాయి. ఉత్తరం అందలేదనుకునే వెసులుబాటు పూర్వం ఇద్దరికీ ఉండేది. నీలి టిక్కు పడిన తర్వాత మౌనం ఉద్దేశపూర్వకమైనదిగా కనిపిస్తుంది. వ్యతిరేకత వచ్చిన కొద్ది రోజులకే దాన్ని ఆపుకునే వీలు కల్పించారు గాని, ఆపుకున్నవారికి ఎదుటివారి టిక్కులు కూడా కనిపించవు, పైగా గ్రూపు సంభాషణలలో ఆ ఏర్పాటు పనిచేయదు. 2017లో వచ్చిన ‘అందరికీ తొలగించు’ సదుపాయం కూడా ఇటువంటిదే. తప్పు గ్రూపులో పడిన సందేశాన్ని తీసివేసినా, సందేశం తొలగించబడిందన్న వాక్యం అక్కడే మిగిలి, అదేమిటో అని అందరూ అడిగేలా చేస్తుంది. 2023 మేలో వచ్చిన సవరణ సదుపాయం పంపిన 15 నిమిషాలలోపు తప్పు దిద్దుకోనిస్తుంది గనుక, అక్షర దోషాల విషయంలో ఇదే ఎక్కువ ఉపయోగకరం.

ఆ అక్షర దోషాలే సామాజిక మాధ్యమాల్లోని నిర్దోషమైన వినోదానికి పెద్ద ఆధారం కావడం విశేషం. తెలుగు కీబోర్డు ఫోన్లలో సులభంగానే దొరుకుతున్నా, అలవాటు కొద్దీ తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసేవారు ఎందరో ఉన్నారు, ఆ అక్షరాలలో లకూ ళకూ, టకూ తకూ తేడా చూపడం కష్టం. మీ కళ బాగుందని మెచ్చుకుంటే మీ కల బాగుందని అర్థమవుతుంది. పాట పంపమన్నారో పాతది పంపమన్నారో తేలక రెండూ పంపేవారుంటారు. యంత్రానువాదం దీనికి తోడై, పండు అనే ముద్దుపేరు గల పిల్లవాణ్ని తినే పండుగా మార్చిన సందర్భాలు ఇంగ్లీషులో చదువుకునే ప్రవాస పిల్లలకు మంచి కాలక్షేపం.

ఉదయపు శుభాకాంక్షల విషయంలో ఎగతాళి ఎక్కువగా వినిపిస్తుంది. పూలు, దేవుళ్లు, సూక్తులతో కూడిన ‘గుడ్ మార్నింగ్’ చిత్రాలు భారతీయుల ఫోన్లను నింపివేసి వాటిని మొరాయింపజేస్తున్నాయని గూగుల్ పరిశోధకులు గమనించినట్టు 2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక రాసింది. ఆ చిత్రాలను గుర్తించి తొలగించమని సూచించే సదుపాయాన్ని గూగుల్ తన ఫైళ్ల యాప్‌లో చేర్చింది కూడా. అయితే ఒంటరిగా ఉండే పెద్దవారికి ఆ చిత్రం పంపడమంటే ఆ రోజు తాము లేచామని, క్షేమంగా ఉన్నామని పిల్లలకు తెలియజేయడమే. డాలస్‌లో ఉన్న కొడుకుకు వేసవిలో ఆ చిత్రం ముందురోజు సాయంత్రం ఏడున్నరకు, చలికాలంలో ఆరున్నరకు చేరి, విజయవాడలో ఉదయం ఆరయిందని, అమ్మ లేచిందని చెబుతుంది. ఫోన్‌లో చోటు తినడం నిజమైన ఇబ్బందే గాని, దాన్ని తొలగించుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

దుఃఖ సమయాలలో మాత్రం ఈ సేవల నిర్మాణ లోపం నవ్వుకు అందనిదిగా ఉంటుంది. ఫేస్‌బుక్ 2009 ఫిబ్రవరిలో లైకు బొటనవేలిని తెచ్చిన తర్వాత ఏడేళ్ల పాటు, తండ్రి పోయాడని రాసినవారికి సానుభూతి తెలిపే గుర్తు ఏదీ లేక జనం ఆ బొటనవేలినే నొక్కవలసి వచ్చింది; విచారం, కోపం, ఆశ్చర్యం వంటి స్పందనలు 2016 ఫిబ్రవరి 24న గాని అందరికీ అందలేదు. 2014 డిసెంబరులో ఎరిక్ మేయర్ అనే అమెరికన్ వెబ్ నిపుణుడికి, ఆ ఏడాది మరణించిన ఆరేళ్ల కూతురి ఫొటోనే ‘మీ సంవత్సరం ఇలా గడిచింది’ అంటూ ఉత్సవపు బొమ్మల మధ్య ఫేస్‌బుక్ యంత్రం చూపించింది. అందులో ఎవరి దురుద్దేశమూ లేదని, ఎక్కువ మంది విషయంలో చక్కగా పనిచేసే కోడ్ వల్లనే అలా జరిగిందని ఆయనే రాశారు. మరణించినవారి పుట్టినరోజు గుర్తుచేసి శుభాకాంక్షలు చెప్పమనడం కూడా ఇటువంటిదే. కుటుంబ సభ్యులు మరణ ధ్రువీకరణతో కోరితే ఫేస్‌బుక్ ఆ ఖాతాను స్మారక ఖాతాగా మారుస్తుంది, ఆపైన పుట్టినరోజు సూచనలు ఆగిపోతాయి. ఈ సంగతి తెలియక ఏటా బాధపడే కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఫార్వర్డు, అంటే ఒకరి నుంచి వచ్చిన సందేశాన్ని యథాతథంగా మరొకరికి పంపడం, చిరాకు స్థాయి దాటి ప్రాణాంతకం కాగలదని 2018లో దేశమంతటికీ తెలిసివచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న అబద్ధపు సందేశాలు నమ్మి, పలు రాష్ట్రాలలో జనం అమాయకులను కొట్టి చంపారు. తెలంగాణలోని జోగులాంబ గద్వాల ప్రాంతంలో అప్పటి జిల్లా పోలీసు అధికారి రెమా రాజేశ్వరి, ఊరూరికీ పోలీసు సిబ్బందిని కేటాయించి, జానపద కళాకారులతో పాటలు పాడించి ఆ వదంతులను ఎదుర్కొన్న తీరు ఆదర్శప్రాయం. ఆ ఏడాదే వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి పెట్టి, దాన్ని 2019 జనవరిలో ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. అనేకసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో చేసిన మార్పుతో అటువంటి సందేశాలు 70 శాతం తగ్గాయని ఆ సంస్థ ప్రకటించింది. ఒక్క చిన్న అడ్డంకి పెట్టినంత మాత్రాన ఇంత తగ్గుదల వచ్చిందంటే, ఆ పంపకాలలో అత్యధికం నమ్మకంతో గాక, బొత్తాము చేతి కింద ఉన్నందువల్ల జరిగినవేనని భావించడం సమంజసం.

ఈ సేవలు ఇప్పటికి కొంతైనా మర్యాద నేర్చుకున్నాయంటే అది వాడకందారుల ఫిర్యాదుల ఫలితం గనుక, ఫిర్యాదు చేయడాన్ని ఎవరూ చిన్నతనంగా తలచనక్కరలేదు. పాఠకులు వాట్సాప్ సెట్టింగులలో ప్రైవసీ భాగాన్ని తెరిచి, గ్రూపులు అన్న చోట ‘నా కాంటాక్ట్‌లు’ అన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. రెండు బాణాల గుర్తుతో వచ్చిన సందేశం చాలా చేతులు మారి వచ్చినదని ఇంట్లోని పెద్దలకు చూపించి చెప్పాలి. వారు తప్పుడు సందేశం పంపినప్పుడు గ్రూపులో నలుగురి ముందు కాకుండా విడిగా ఫోన్ చేసి చెప్పాలి.