సన్నని దారానికి పండుగప్ప ఎలా లొంగుతుంది?

యానాంలో పండుగప్ప అన్నా, అదే కేంద్రపాలిత ప్రాంతంలోని పుదుచ్చేరి పట్టణంలో, మేట్టుపాళయం వైపు తమిళులు కొడువా అన్నా చేప ఒక్కటే. శాస్త్రీయ నామం లేటెస్ కాల్కారిఫర్. ఆస్ట్రేలియాలో దీన్నే బారాముండి అంటారు. గాలానికి చిక్కగానే నీటి పైకి ఎగిరి తల విదిలించడం దీని నైజం. అందుకే తేలికపాటి గాలంతో వేటాడే సరదా ఉన్నవారికి ఇదంటే మోజు. మరి 5 కిలోల బరువుకే తెగిపోయే దారంతో 10 కిలోల చేపను ఎలా పట్టగలుగుతారు?

ముందు ఎర సంగతి. చిన్న చేప ఆకారంలో ఉండే ప్లాస్టిక్ ఎరను లాగుతుంటే, దాని మూతి దగ్గరి పలక నీటిని నెట్టి ఎరను అటూ ఇటూ ఊపుతుంది. ఆ ప్రకంపనలను పండుగప్ప తన దేహం పక్కల ఉండే పార్శ్వ రేఖతో పసిగడుతుంది. అందువల్ల నదీముఖాల బురదనీటిలోనూ ఎర జాడ తెలుస్తుంది. దగ్గరికి రాగానే నోరు ఒక్కసారిగా తెరిచి, నీటితోపాటు ఎరనూ లోపలికి పీల్చుకుంటుంది.

నీటిలో చేప బరువును ఉత్ప్లవన బలం దాదాపుగా మోస్తుంది. దారం తట్టుకోవలసింది ఈత బలాన్నే. రీల్‌లోని ఘర్షణ బిళ్లలను 1.5 కిలోల లాగుడుకు బిగిస్తే, అంతకు మించి లాగినప్పుడు దారం తెగకుండా వదులవుతూ పోతుంది. ఆ 15 న్యూటన్ల బలానికి ఎదురుగా చేప 50 మీటర్లు ఈదితే 750 జౌళ్ల శక్తి ఖర్చవుతుంది. అంటే దారం చేపను ఎత్తదు, అలసిపోయేలా చేస్తుంది.

ఎగిరినప్పుడు లెక్క మారుతుంది. గాలి సాంద్రత నీటి సాంద్రతలో దాదాపు 800వ వంతే. అడ్డుకునే నీరు లేక తల మరింత వేగంగా కదులుతుంది, ఉత్ప్లవనం ఉండదు. దారం బిగిసి ఉంటే ఆ కుదుపుకు తెగవచ్చు, మరీ వదులైతే కొక్కెం ఊడిపోవచ్చు. స్ప్రింగులా వంగే కర్ర ఈ కుదుపును కొంత మింగుతుంది.

అయితే దారం ఎంత సన్ననైతే పోరాటం అంత సాగుతుంది. కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే వెచ్చని నీటిలో చేప త్వరగా కోలుకోలేదు. తిరిగి వదిలినా చనిపోయే ప్రమాదం ఉంది.

ఇది ఒక్క చేపతో పోయే నష్టం కాదు. పండుగప్పలు సాధారణంగా మొదట మగవిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడవిగా మారతాయి. కాబట్టి పెద్ద చేపల్లో ఎక్కువ తల్లి చేపలే. క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో 58 సెంటీమీటర్ల లోపు పిల్లలతోపాటు 120 సెంటీమీటర్లు దాటిన చేపలనూ నీటిలో వదిలేయాలన్న నియమం అందుకే. వదలాలనుకున్న చేపకు కొంచెం గట్టి దారం, తక్కువ సేపు పోరాటమే మేలు.