బూటు మొనలో బాబిన్ ఎక్కడ పెడతారు?

అమీర్‌పేటలో నేను ఫిజిక్స్ చెప్పే కోచింగ్ సెంటర్లో ఆ రోజు పాఠం ఘర్షణ. అక్క పెళ్లికని కొత్త బూట్లు కొనుక్కొచ్చిన కుర్రాడొకడు డబ్బాలోంచి ఒకటి తీసి, తిరగేసి చూపిస్తూ అడిగాడు. "సార్, మా అమ్మ కుట్టు మిషన్‌కి పైన సూది, కింద బాబిన్ ఉంటాయి. దీని అడుగున చుట్టూ కుట్టు ఉంది కదా, మరి బాబిన్‌ని బూటు మొన లోపల ఎక్కడ పెట్టి కుట్టారు?" ఘర్షణ ఆ పూటకి అక్కడే ఆగిపోయింది.

పెళ్లి బూట్లంటే మనవాళ్లు రంగు దగ్గరే ఆగుతారు. పగటికి బ్రౌన్, రాత్రికి నలుపు అని పంజాగుట్ట షాపుల్లో ఎవరైనా చెబుతారు. ఆ నియమం ఇంగ్లండు దొరలది, దాంతో నాకు పేచీ లేదు. కానీ ఆ కుర్రాడు చేసినట్టు బూటు తిరగేసి కుట్టు చూసేవాడు నూటికి ఒకడుండడు. పగటి బూటుకీ రాత్రి బూటుకీ అసలు తేడా అక్కడుంది. అది ఇద్దరు అమెరికన్ల పేరున నడిచిన రెండు యంత్రాల మధ్య పోటీ.

ముందు చిక్కేమిటో చూద్దాం. మామూలు మిషన్‌లో పై దారం కిందికి దిగి, చిన్న ఉచ్చుగా మారి, బాబిన్ చుట్టూ తిరిగి రావాలి. బాబిన్‌కీ దాన్ని తిప్పే సరంజామాకీ బట్ట కింద చోటు కావాలి. బూటు పైతోలు కుట్టేటప్పుడు చోటుకి కొదవలేదు, అది పరిచిన తోలే. అందుకే 1850లలోనే పైతోళ్లు మిషన్ మీదికి వచ్చేశాయి. సోల్ మాత్రం చేతికుట్టుకో, చెక్క మేకులకో మిగిలిపోయింది. అప్పటికి బూటు ఆకారం తీరిపోయి గుహలా ఉంటుంది, మొన దగ్గర రెండు వేళ్లు కదపడమే కష్టం.

మసాచుసెట్స్‌కి చెందిన లైమన్ బ్లేక్ 1858లో పేటెంట్ తీసుకున్న యంత్రంలో బాబిన్ అన్నదే లేదు. దాని పనితనం తెలియాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. మా సెంటర్ ఉన్న వీధిలోనే ఓ మేడ మీద పెళ్లికూతుళ్ల జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తారు, ఆ చేతులు చూస్తే చాలు. కుడిచేతిలో కొక్కెం ఉన్న ఆరీ సూది, బిగించిన బట్ట కింద ఎడంచేతిలో దారం. సూది కిందికి దిగగానే ఎడంచేయి దారాన్ని కొక్కేనికి అందిస్తుంది. సూది దాన్ని ఉచ్చులా పైకి లాగి, ఆ ఉచ్చులోంచే మళ్లీ కిందికి దిగి, రెండో ఉచ్చు లాగుతుంది. ఒకే దారంతో గొలుసు కుట్టు అల్లుకుపోతుంది.

బ్లేక్ చేసిందల్లా ఆ ఎడంచేతిని ఉక్కుతో తయారుచేయడం. ఒక బోలు కొమ్ము, దాని కొసన గిర్రున తిరిగే చిన్న రింగు. బూటుని ఆ కొమ్ముకి తొడిగితే కొస సరిగ్గా మొన లోపలికి చేరుతుంది. దారం కొమ్ము బోలులోంచి వస్తుంది. పైనుంచి కొక్కెం సూది అడుగుతోలు, మడిచిన పైతోలు అంచు, లోపలి అట్టతోలు మూడింటినీ ఒక్క పోటున దాటి దిగుతుంది. రింగు తిరిగి దారాన్ని కొక్కేనికి చుడుతుంది, సూది ఉచ్చుతో పైకి లేస్తుంది. గొలుసు సోల్ కింద చీల్చిన గాడిలో దాక్కుంటుంది. బూటు లోపల చేయి పెడితే తగిలేది తిన్నని కుట్టు వరసే. దారానికి మైనం పట్టించాలి, చలికి మైనం గట్టిపడుతుంది కాబట్టి కొమ్ముని వేడిగా ఉంచేవారు. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా ముద్దొచ్చేది ఆ రింగే. గుజరాత్‌లోని కచ్ మోచీలు ఇంతకు చాలా ముందే, తోలు కుట్టే అదే కొక్కెంతో పట్టుబట్ట మీద పూలు కుట్టేవారు. వాళ్లు తోలు నుంచి పట్టుకి వెళ్లారు, బ్లేక్ అదే కుట్టుని తోలు కోసం మిషన్‌కి ఎక్కించాడు. మన పెళ్లి పీటల మీద వధువు జాకెట్టుదీ, రిసెప్షన్లో వరుడి బూటుదీ ఒకే కుట్టు కావచ్చన్నమాట.

గోర్డన్ మెకే అనే వ్యాపారి 1859లో ఆ పేటెంట్ కొన్నాడు. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలై సైన్యానికి బూట్లు లక్షల్లో కావాల్సొచ్చాయి. మెకే తెలివి యంత్రం అమ్మకపోవడంలో ఉంది. అద్దెకిచ్చి, కుట్టిన జతకి ఇంతని వసూలు చేసుకున్నాడు. అమెరికాలో అది మెకే కుట్టయింది, మిగతా లోకంలో బ్లేక్ కుట్టు.

దీనికో లోపం ఉంది. సూది చేసిన బెజ్జం వీధి నుంచి అరికాలి దాకా తిన్నగా వెళుతుంది. తడి దారం వెంట పాకి, కేశనాళికల్లో పాకినట్టే, లోపలికి వస్తుంది. మన పెళ్లిళ్లు చాలానే శ్రావణంలో పెట్టుకుంటాం. వాన వెలిసిన అరగంటకి ఖైరతాబాద్ చౌరస్తాలో కారు దిగి ఫంక్షన్ హాలు మెట్ల దాకా నడిస్తే, మేజోళ్లు ఎందుకు తడిశాయో బ్లేక్ సమాధానం చెప్పాలి.

రెండో మనిషి పేరు మీకు టైర్ల మీద కనిపిస్తుంది. రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరిచిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1860లో అప్పుల్లోనే పోయాడు. టైర్ల కంపెనీ ఆయనది కాదు, 1898లో ఎవరో ఆయన మీద గౌరవంతో ఆ పేరు పెట్టుకున్నారు. బూట్ల గుడ్‌ఇయర్ ఆయన కొడుకు, పేరు చార్లెసే. ఆగస్ట్ డెస్టోయ్ అనే ఆయన 1862లో పేటెంట్ చేసిన వంపు సూది యంత్రాన్ని పట్టుకుని, మెరుగులు దిద్దించి, 1870లలో వెల్ట్ కుట్టు యంత్రం తయారుచేయించాడు.

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. లోపలి అట్టతోలు అడుగున, అంచుకి కాస్త ఇవతలగా, పొలం గట్టులా ఒక తోలు గట్టు నిలబడి ఉంటుంది. చెక్క అచ్చు మీద పైతోలుని లాగి దాని అంచుని ఆ గట్టుకి ఆనిస్తారు. దాని పక్కనే బూటు చుట్టూ సన్నటి తోలు పట్టీ, అదే వెల్ట్, పెడతారు. నెలవంకలాంటి సూది పైకీ కిందికీ పోదు, ఒక ఇరుసు మీద ఊగుతూ పట్టీనీ పైతోలునీ గట్టునీ అడ్డంగా పొడుస్తుంది. అది దూరేదీ తేలేదీ అట్టతోలుకి ఇవతలే, అంటే బూటు బయటే. లోపలి గుహకి సూది సోకదు, పాదం ఆనే చోట బెజ్జమే ఉండదు.

ఇప్పుడు పట్టీ అంచు బూటు చుట్టూ బయటికి పొడుచుకుని ఉంటుంది. అడుగు సోల్‌ని ఆ అంచుకి కుడితే సరి. ఆ అంచుకి పైనా చోటే, కిందా చోటే. బాబిన్ హాయిగా తిరుగుతుంది! కుర్రాడి ప్రశ్నకి బ్లేక్ జవాబు బాబిన్ వద్దని. గుడ్‌ఇయర్ జవాబు వేరు. బాబిన్ లోపలికి పోలేకపోతే కుట్టాల్సిన అంచునే బయటికి తెచ్చిపెట్టాడు.

గట్టుల మధ్య మిగిలిన పల్లాన్ని బెరడు పొడితో నింపుతారు. కొన్నాళ్లకి అది తొడిగినవాడి పాదం అచ్చు పట్టేస్తుంది. రెండు తోళ్లు నేరుగా ఒరుసుకోవు కాబట్టి చప్పుడూ తక్కువే. (మన తాతలు కిర్రు చెప్పులు పనిగట్టుకుని చేయించుకునేవారు, వాళ్లకి ఇది నచ్చేది కాదు.) సోల్ అరిగితే బయటి కుట్టు ఒక్కటి తెంపి కొత్తది వేస్తారు, పైతోలుకి గాయం కాదు. దారాన్ని గట్టిగా పట్టి ఉంచే సోల్ తోలు చెట్టు బెరడుతో ఊనింది. దక్షిణాదిలో ఒకప్పుడు ఆ పని తంగేడు చెక్కదే. తోళ్లు ఊనే రసాయనశాస్త్రమే మన తెనాలి ప్రాంతపు యలవర్తి నాయుడమ్మ పరిశోధన రంగం. 1958 నుంచి 1971 దాకా మద్రాసు తోలు పరిశోధన సంస్థని నడిపిన మనిషి.

ఇక ఎంపిక. వెల్ట్ బూటుకి సోల్ అంచు బయటికి వస్తుంది, మందంగా, కాస్త మోటుగా ఉంటుంది. పగటి సూటుకీ, నడకకీ, ఎదురుకోళ్లలో గంటసేపు నిలబడటానికీ అది సరిపోతుంది. బ్లేక్ బూటుకి పట్టీ లేదు, అంచుని పైతోలు దాకా కోసేయవచ్చు. పల్చగా, తేలిగ్గా, చురుగ్గా కనిపిస్తుంది. రిసెప్షన్ దీపాల కింద నల్ల సూటుకి కావాల్సింది అదే, హాల్లో వానా ఉండదు. లేసుల సంగతీ చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో లేసుల రెక్కలు ముందుతోలు కిందికి కుట్టేసి ఉంటాయి, నోరు పూర్తిగా తెరుచుకోదు. డెర్బీలో అవి పైన విడిగా ఉంటాయి. మండపం ఎక్కాలంటే విప్పాలి, దిగాక తొడగాలి, మధ్యలో మరదళ్లు దాచేస్తారు. కాబట్టి పగలు డెర్బీ, రిసెప్షన్‌కి ఆక్స్‌ఫర్డ్ అంటాను. ముహూర్తానికి ఎటూ వట్టి కాళ్లే. కాశీయాత్రకి పావుకోళ్లుంటాయి, వాటికి కుట్టే లేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. పైతోలుని అచ్చు మీద లాగి బిగించే పనిని సూరినామ్‌లో పుట్టిన నల్లజాతి యువకుడు యాన్ మాట్జెలిగర్ 1883లో యంత్రానికి నేర్పాడు. ఫలితం పెద్దగా అనుభవించకుండానే 1889లో క్షయతో పోయాడు, ఆయన మీద వేరే వ్యాసం రాయాలి. 1899లో గుడ్‌ఇయర్, మెకే యంత్రాల కంపెనీలు ఒకే గొడుగు కిందికి వచ్చేశాయి, పోటీ ముగిసింది. ఆ తర్వాత జిగురొచ్చి ఇద్దరినీ పక్కకి నెట్టింది. ఇవాళ అమీర్‌పేట షాపుల్లో చాలా బూట్ల అంచున కనిపించే కుట్టు రబ్బరులో పోతపోసిన బొమ్మ. గోటితో గీకి చూడండి, దారం కదలదు, ఎందుకంటే అది దారమే కాదు.

జిగురు బూటు తప్పని కాదు, చవక, తేలిక. కానీ పాలీయురేథేన్ సోల్ అయితే గాలిలో తేమ దాని అణువుల గొలుసుల్ని ఏళ్ల తరబడి నిదానంగా తెంపుతూ ఉంటుంది. తొడగకుండా బీరువాలో దాచినా ఆగదు. తన పెళ్లి బూట్లు ఐదారేళ్ల తర్వాత తమ్ముడి పెళ్లికి తీస్తే సోల్ పెచ్చులుగా రాలడం చాలామందికి అనుభవమే. కాబట్టి పెళ్లికి వారం ముందే డబ్బా తెరిచి, సోల్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కి, వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే ఏ మోచీ బాగుచేయలేడు. తోలు సోల్‌కి ఈ జబ్బు లేదు. దానికి బూజు పడుతుంది, పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టుకోవచ్చు.