బీట్‌కు పిసరంత వెనక

గిటార్ సోలోలో వినిపించే ఆ తీరుబాటు ఎక్కడ పుడుతుందో కొలిచి చూశారని తెలుసా? జర్మనీలోని గొట్టింగెన్ పరిశోధకులు 450కి పైగా జాజ్ సోలోలను పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు అందరు సోలో కళాకారులూ చేసేది ఒకటే. బీట్ మీద పడాల్సిన స్వరాన్ని కాస్త ఆలస్యంగా వేస్తారు. రెండు బీట్ల నడుమ వచ్చే స్వరాన్ని మాత్రం డ్రమ్ముతో సరిగ్గా కలుపుతారు. అలా 30 మిల్లీసెకన్లు జరిపిన సంగీతాన్ని వినిపిస్తే, అందులో స్వింగ్ అనే ఊగే నడక ఎక్కువగా ఉందని వాద్యకారులు చెప్పే అవకాశం ఏడు రెట్లు పెరిగింది. సోలో మొత్తాన్నీ వెనక్కి జరిపితే ఆ సుఖం రాలేదు. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడేనని నా నమ్మకం.

30 మిల్లీసెకన్లంటే ఎంత? గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే పది మీటర్ల దూరం. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కవాతు బ్యాండు నడుస్తుంటే, డ్రమ్ముకు పది మీటర్ల అవతల ఉన్న బాకా మనిషికి ప్రతి దెబ్బా అంత ఆలస్యంగానే అందుతుంది. చెవినే నమ్ముకుంటే వరసలు చెదురుతాయి కాబట్టి, వాళ్లు ముందు నడిచే నాయకుడి చేతికర్రను చూస్తారు.

అదే సికింద్రాబాద్‌లోని లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ 1893 నాటిది. ఆ చుట్టుపక్కల కాలనీల్లో స్థిరపడ్డ ఆంగ్లో-ఇండియన్ రైల్వే కుటుంబాలకు డాన్సులంటే ప్రాణం. డాన్సుకు వాయించే బ్యాండులో రిథమ్ గిటార్ కాలం జారనివ్వకూడదు, జారితే అడుగులు తడబడతాయి. అది స్థిరంగా నిలిస్తేనే సోలో వాయించేవాడికి తీరిక దొరుకుతుంది.

సికింద్రాబాద్‌లోనే భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. కర్ణాటక సంగీతం నేర్చిన ఎవరినడిగినా దేశాది తాళం గురించి చెబుతారు. త్యాగరాజ కీర్తనలు చాలావాటిలో చేతి దెబ్బ పడ్డాక ఒకటిన్నర అక్షరాల కాలం ఆగి పాట ఎత్తుకుంటారు. ఇది ముందే కట్టిన లెక్క, గిటార్ సోలోలో జారవిడిచే పిసరుతో దీన్ని కలపకూడదు. కానీ దెబ్బ ఒకచోట, పాట మరోచోట ఉన్నా గాభరా పడని మనసు రెండింటికీ కావాలి. చేత్తో తాళం వేస్తూ పాడి పెరిగినవాళ్లకు గిటార్ మీద అది త్వరగా అబ్బుతుంది.

ఈ నిదానానికి నాకు తెలిసిన గొప్ప పాఠశాల క్షేత్రయ్య పదాలు. వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటి బాణీలో పదం వినండి. మాట తాళాన్ని తరుముకుంటూ పోదు, దెబ్బ దాటాక దిగుతుంది.

జాజ్ గిటారిస్టు వెస్ మోంట్‌గోమరీ పిక్ వాడలేదు, బొటనవేలితో మీటాడు. తీగ మీద చర్మం ఆనితే స్వరం మొదలు మెత్తబడుతుంది. మెత్తగా మొదలయ్యే స్వరం మన చెవికి కాస్త ఆలస్యంగా వచ్చినట్టే తోస్తుంది. చేతిని జాప్యం చేయకుండానే తీరుబాటు తేవడానికి ఇదొక దారి.

డ్రమ్ మెషీన్‌కు బీట్‌ను సరిచేసే సదుపాయం ఉన్నా, హిప్-హాప్ నిర్మాత జే డిల్లా దాన్ని పక్కనపెట్టి కావాలనే అటూ ఇటూ జరిపేవాడు. 2000లో వచ్చిన గాయకుడు డీ ఆంజెలో ఆల్బం ‘వూడూ’లో ఆ నడక వినిపిస్తుంది. అందులో కొన్ని పాటలకు చార్లీ హంటర్ ఎనిమిది తీగల గిటార్ మీద బేస్‌నూ గిటార్‌నూ ఒక్కడే కలిపి వాయించాడు.

ఇక సాధన. మెట్రోనోమ్‌ను నిదానంగా పెట్టి, ఆ టిక్కు 2, 4 బీట్ల మీద పడుతున్నట్టు లెక్కపెట్టుకోండి. మూడో తీగ మీద అయిదో ఫ్రెట్ చాలు, ఒకే స్వరం. రెండు ఆవర్తాలు సరిగ్గా బీట్ మీద, తర్వాత రెండు పిసరంత వెనక. కాలు మాత్రం మెట్రోనోమ్‌తోనే ఆడాలి. కాలు గిటార్ వెంట పోయిందంటే మీరు వాయించేది తీరుబాటు కాదు, లాగుడు. ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. టిక్కుకూ స్వరానికీ నడుమ సందు, వెనక వాయించిన మొదటి ఆవర్తంలో ఎంతో చివరి ఆవర్తంలోనూ అంతే ఉంటే ఇంకో స్వరం చేర్చండి. పెరుగుతూ పోతే గిటార్ పక్కనపెట్టి ముందు నోటితో పాడండి.