నలుగురు కాదు, నాలుగు వందల మంది

విందు బాగా జరిగింది. వెండి మెరిసింది, పూలు అమిరాయి, వంటకు వంక పెట్టినవాళ్లు లేరు. యూరప్‌కు తిరిగి వెళ్లిపోతున్న బంధువు ఎలెన్‌ను సాగనంపడానికి మే తన ఇంట్లో ఇచ్చిన మొదటి పెద్ద విందు అది. మే భర్త న్యూలాండ్ ఆర్చర్ పక్కనే ఎలెన్‌ను కూర్చోబెట్టారు. ఆ రాత్రి ముఖ్య అతిథి ఆమే కనుక ఆ కుర్చీ ఆమెదే. అందరూ ఆమెతో ఆప్యాయంగా మాట్లాడారు. ఆ ఆప్యాయత మధ్యలో ఆర్చర్‌కు ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరూ తనకూ ఎలెన్‌కూ సంబంధం ఉందనే నమ్ముతున్నారు. నెలల తరబడి కనిపెడుతూ, ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నారు. అందరూ మే పక్షాన చేరి, ఎలెన్‌ను ఊరు దాటిస్తున్నారు.

నిజానికి వాళ్లిద్దరి మధ్యా వాళ్లనుకున్నంత జరగనే లేదు. అది వేరే సంగతి.

ఈడిత్ వార్టన్ 1920లో రాసిన ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్’ నవలలోదీ విందు. ఇందులో ఒక్క గొంతూ లేవదు, ఒక్క తలుపూ ధడేల్మనదు. తుపాకుల సినిమాలతో పేరు తెచ్చుకున్న మార్టిన్ స్కోర్సేసీ 1993లో ఈ నవలను తెరకెక్కించాడంటే, ఫోర్కులూ నాప్‌కిన్ల మధ్య జరిగే హత్య కూడా హత్యేనని అతనికి అర్థమై ఉండాలి.

మనం ‘నలుగురూ ఏమనుకుంటారో’ అని జంకుతాం. వార్టన్ పుట్టిన న్యూయార్క్‌లో ఆ నలుగురు నాలుగు వందల మంది. ఆస్టర్ దొరసాని నాట్యశాలలో అంతమందే పడతారనీ, లెక్కలోకి వచ్చే మనుషులు కూడా అంతమందేననీ వార్డ్ మెకాలిస్టర్ అనే పెద్దమనిషి తేల్చేశాడు. తీరా 1892లో పేర్లు పత్రికలో అచ్చయ్యాక లెక్కపెడితే నాలుగు వందలు కూడా రాలేదు. ఆ కాసిని కుటుంబాలే పిల్లలకు సంబంధాలు చూసుకునేవి, ఒకరింటికొకరు కార్డులు పంపుకునేవి, ఎవరిని లోపలికి రానివ్వాలో ఎవరిని గుమ్మంలోనే ఆపాలో నిర్ణయించేవి.

వార్టన్ 1862 జనవరి 24న ఆ గడపల్లోనే పుట్టింది. పుట్టింటిపేరు జోన్స్. పక్కింటి జోన్స్‌లతో పోటీపడి బతకడం అని ఇంగ్లిషులో ఒక నానుడి ఉంది. ఆ జోన్స్‌లు వీళ్లేనని ఒక కథ చెప్పుకుంటారు. పదకొండేళ్ల వయసులో ఈడిత్ ఒక కథ మొదలుపెట్టింది. అందులో ఒకావిడ, మీరొస్తారని తెలిస్తే ముందుగది సర్దించి ఉంచేదాన్ని కదా అని అతిథితో అంటుంది. తల్లి ఆ కాగితం చదివి, ముందుగది ఎప్పుడూ సర్దే ఉంటుందని చెప్పి తిరిగిచ్చేసింది. పెళ్లయ్యేదాకా నవలలు చదవకూడదన్న ఆంక్ష కూడా ఆ తల్లిదే. రాసుకోవడానికి తెల్లకాగితం ఇచ్చేవారు లేక, ఇంటికొచ్చిన పొట్లాల మీది గోధుమరంగు కాగితాలు దాచుకుని ఆ పిల్ల రాసేది. ఇరవై మూడేళ్లకు, 1885లో, తనకంటే పన్నెండేళ్లు పెద్దవాడైన టెడ్డీ వార్టన్‌తో పెళ్లి. పెళ్లంటే ఏమిటో చెప్పమని ముందు తల్లిని అడిగితే, విగ్రహాలు చూసే ఉంటావుగా అని విసుక్కుందట.

చక్కగా సర్దిన ఆ ముందుగది ఆమెను వదల్లేదు. 1897లో ఆగ్డెన్ కాడ్‌మన్‌తో కలిసి ఆమె తెచ్చింది కథల పుస్తకం కూడా కాదు, ఇళ్ల అలంకరణ మీద పుస్తకం. మసాచుసెట్స్‌లోని లెనాక్స్‌లో ‘ది మౌంట్’ అనే భవనాన్ని దగ్గరుండి కట్టించుకుని 1902లో గృహప్రవేశం చేసింది. రోజూ పొద్దున మంచం మీదే కూర్చుని రాసి, రాసిన కాగితాలు నేల మీద పడేస్తే తర్వాత కార్యదర్శి ఏరుకునేది. గదుల కొలతలు తెలిసిన రచయిత్రి కావడం వల్లనేమో, ఆమె పాత్రలు ఎక్కడ కూర్చున్నారు, ఏ తలుపు దగ్గర నిలబడ్డారు అన్నదే సగం కథ చెబుతుంది.

తొమ్మిది వేల డాలర్లు

ఆమెకు పెద్ద పేరు తెచ్చిన నవల 1905 నాటి ‘ది హౌస్ ఆఫ్ మర్త్’. లిలీ బార్ట్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. అందం ఉంది, ఆస్తి లేదు. ధనికుల ఇళ్లలో అతిథిగా ఉంటూ, పేకాటలో పోగొట్టుకుంటూ, తగిన వరుడి కోసం చూస్తుంటుంది. తీరా వరుడు చేతికందే వేళకు ఏదో ఒకటి చేసి తనే చెడగొట్టుకుంటుంది. అమ్ముడుపోవాలని బయల్దేరి, బేరం కుదిరే క్షణంలో మనసొప్పక ఆగిపోయే మనిషి ఆమె. స్నేహితురాలి భర్త గస్ ట్రెనర్ ఆమె కొద్దిపాటి డబ్బు మదుపు పెడతానని చెప్పి, లాభాల పేరిట సుమారు తొమ్మిది వేల డాలర్లు ఇస్తాడు. అది తన సొమ్మేననీ, దానికి బదులు కోరుతున్నాననీ ఒక రాత్రి తేల్చి చెబుతాడు. లిలీ ఎలాగో బయటపడుతుంది. కానీ ఆ ఇంటి మెట్లు దిగుతుండగా చూసినవాళ్లున్నారు. ఆ సమాజంలో జరిగినదానికన్నా చూసినదానికే విలువ ఎక్కువ.

తర్వాత, లిలీని తన పడవలో విహారానికి తీసుకెళ్లిన బెర్తా డార్సెట్ తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఆమెను అందరి ముందూ పడవ దింపేస్తుంది. అదే బెర్తా రాసిన ప్రేమలేఖలు లిలీ చేతిలో ఉన్నాయి. బయటపెడితే బెర్తా కాళ్లబేరానికి వస్తుంది. కానీ ఆ లేఖలు లారెన్స్ సెల్డెన్‌కు రాసినవి. లిలీ ప్రేమించింది అతన్నే. అతని గదిలో, అతనికి తెలియకుండానే, అతని నిప్పుగూటిలోనే వాటిని తగలబెడుతుంది. టోపీలు కుట్టే కొట్టులో పనికి చేరితే సూది కూడా సరిగ్గా నడవదు; అందంగా కనబడటం తప్ప ఆమెకు నేర్పిన విద్య లేదు. చివరకు మేనత్త రాసిపోయిన పదివేలలోంచి ట్రెనర్‌కు చెక్కు రాసి పెట్టి, నిద్రమందు మోతాదు మించి తాగి పోతుంది.

నాకైతే ట్రెనర్ కంటే సెల్డెన్ మీదే ఎక్కువ కోపం. ఆమెను ఆ పంజరంలో చూసి జాలిపడతాడు, మెచ్చుకుంటాడు, ఆమె మీద ఒక్క పుకారు వినగానే దూరం జరుగుతాడు. కావలసిన మాట చెప్పడానికి మర్నాడు పొద్దున వస్తాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఈ నవలలోనే వార్టన్ చూపు ఎక్కడ ఆగిపోతుందో కూడా కనిపిస్తుంది. లిలీని పెళ్లాడతానని ఉన్నదున్నట్టు చెప్పేవాడు రోజ్‌డేల్ ఒక్కడే. అతను యూదుడు. అతన్ని వర్ణించే ప్రతి చోటా ఆ నాలుగు వందల మంది ఏవగింపు రచయిత్రి కలంలోంచే కారుతుంది. గోడలను అంత నిశితంగా చూసిన మనిషికి కూడా ఆ ఒక్క గోడా గోడలా కనిపించలేదు.

పగిలిన పచ్చళ్ల పళ్లెం

ఇదంతా డబ్బున్నవాళ్ల బాధ అని కొట్టిపారేయకుండా 1911లో ‘ఈథన్ ఫ్రోమ్’ వచ్చింది. ఫ్రెంచి భాష అభ్యాసం కోసం మొదలుపెట్టిన రాత అది. స్టార్క్‌ఫీల్డ్ అనే మంచుపట్టిన పల్లె. రాళ్ల పొలం, నడవని రంపపు మిల్లు, ఎప్పుడూ జబ్బే అనే భార్య జీనా. ఆమెకు సాయంగా వచ్చిన బంధువుల పిల్ల మ్యాటీ. వైద్యుణ్ని చూడటానికి జీనా ఊరెళ్లిన ఒక్క రాత్రి ఈథన్, మ్యాటీ ఎదురెదురుగా కూర్చుని భోజనం చేస్తారు. అంతే. చేయి కూడా పట్టుకోరు. పెళ్లికి కానుకగా వస్తే జీనా ఏనాడూ వాడకుండా అల్మరా పై అరలో దాచిన ఎర్రగాజు పచ్చళ్ల పళ్లెం మ్యాటీ తీసి బల్ల మీద పెడుతుంది. పిల్లి దాన్ని తోసేస్తుంది. ఊరగాయ జాడీ పగిలితే ఇల్లెంత అదురుతుందో తెలిసిన తెలుగువాళ్లకు, ఆ ముక్కలు చేతిలో పట్టుకుని జీనా ఏడ్చే ఘట్టం విడమర్చి చెప్పక్కర్లేదు. వాడని పళ్లెం కోసం, లేని కాపురం కోసం ఆమె ఏడుస్తుంది. పుస్తకం మొత్తంలో జీనా మీద జాలి కలిగేది అక్కడే.

పారిపోవాలంటే రైలు ఛార్జీకి డబ్బు లేదు. అబద్ధం చెప్పి అప్పు తేవడానికి ఈథన్‌కు మనసు రాదు. చావాలని ఇద్దరూ స్లెడ్ బండిని కొండమీంచి చెట్టుకేసి తోలితే చావు రాలేదు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆ వంటింట్లో ముగ్గురూ ఉంటారు: కుంటుతూ ఈథన్, నడుము పడిపోయి సణుగుతూ మ్యాటీ, ఆమెకు సేవ చేస్తూ జీనా. ఏ స్త్రీ కోసం ఏ స్త్రీ నుంచి పారిపోవాలనుకున్నాడో, ఇద్దరితోనూ ఒకే పొయ్యి ముందు. 1904లో లెనాక్స్‌లో నిజంగానే ఒక స్లెడ్ ప్రమాదం జరిగింది, ఒక అమ్మాయి చనిపోయింది. వార్టన్ తన కథలో చావును తీసేసి అంతకంటే కఠినమైంది పెట్టింది.

ఇది రాస్తున్నప్పుడు ఆమె ఇంట్లోనూ మంచే. టెడ్డీకి మనసు నిలకడ తప్పుతోంది. భార్య ఆస్తిలోంచి సొమ్ము తీసి బోస్టన్‌లో ఇంకొకామెకు ఇల్లు చూశాడు. వార్టన్ పారిస్‌లో మార్టన్ ఫుల్లర్టన్ అనే విలేకరిని ప్రేమించింది. తన ఉత్తరాలు తిరిగిచ్చేయమని ఎంత అడిగినా అతను ఇవ్వలేదు. ఆమె పోయి నలభై ఏళ్లకు పైగా గడిచాక దాదాపు 300 ఉత్తరాలు బయటపడి టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చేరాయి. 1913లో ఆమె విడాకులు తీసుకుంది, అదీ పారిస్‌లో. న్యూయార్క్ చట్టం 1966 దాకా వ్యభిచారం రుజువైతే తప్ప విడాకులివ్వలేదు. రచ్చ కాకుండా అక్కడ అది అయ్యే పని కాదు. లిలీకి లేనివి రెండు ఆమెకున్నాయి: వారసత్వపు డబ్బు, కలం మీద సంపాదన. బయటకు దారి చూపింది ఆ రెండే.

అమాయకురాలు

మళ్లీ ఆర్చర్ దగ్గరికి. ఎలెన్ భర్త ఒక పోలిష్ కౌంట్. అతన్ని వదిలేసి వచ్చి విడాకులు కోరితే, పరువు పోతుందని ఆమెకు నచ్చజెప్పడానికి కుటుంబం పంపిన వకీలు ఆర్చరే. శుభ్రంగా నచ్చజెప్పాడు. తర్వాత ఆమెను ప్రేమించి, పెళ్లాడటానికి వీల్లేకుండా తనే తలుపు మూశానని తెలుసుకున్నాడు. విందు రోజు రాత్రి అందరూ వెళ్లాక, ఇండియాకో జపాన్‌కో దూరంగా పోతానని భార్యకు చెప్పబోతాడు. తను లేకుండా కుదరదు, తనను వైద్యులు వెళ్లనివ్వరంటుంది మే. తను గర్భవతి. ఎలెన్‌కు పదిహేను రోజుల కిందటే చెప్పింది. అప్పటికి తనకింకా ఖాయంగా తెలియదు, అయినా చెప్పింది. ఎలెన్ ఎందుకు ఊరు విడిచి వెళ్తోందో అతనికి అర్థమవుతుంది.

మే ఒక్క అబద్ధంతో కాపురం నిలబెట్టుకుంది. ఆమెను కపటి అనలేం. తనకున్నది ఆ ఒక్క ఇల్లు. మే చనిపోయాక కొడుకు డాలస్ ద్వారా ఆర్చర్‌కు తెలుస్తుంది, అతనేం వదులుకున్నాడో ఆమెకు మొదటినుంచీ తెలుసని.

ఈ పుస్తకానికి 1921లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నవలకు ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమె. న్యాయనిర్ణేతలు ఎంచింది సింక్లెయిర్ లూయిస్ ‘మెయిన్ స్ట్రీట్’ను. కొలంబియా విశ్వవిద్యాలయ ధర్మకర్తలు మార్చేశారు, అమెరికా జీవితపు ఆరోగ్యకరమైన వాతావరణాన్ని చూపే నవలకు ఇవ్వాలన్న నియమాన్ని బట్టి. ఊపిరాడని గదుల పుస్తకానికి స్వచ్ఛమైన గాలికింద బహుమతి! ఆమె నొచ్చుకుంటూ లూయిస్‌కు ఉత్తరం రాసింది. అతను తర్వాతి నవల ‘బాబిట్’ను ఆమెకు అంకితమిచ్చాడు.

నవల ఆఖరి అధ్యాయం పారిస్‌లో. ఆర్చర్‌కు యాభై ఏడేళ్లు. భార్య పోయింది, ఇక అడ్డెవరూ లేరు. ఎలెన్ ఇల్లు ఇన్వాలిడ్ గోపురం చుట్టుపక్కలే. వార్టన్ ఏళ్ల తరబడి అద్దెకున్న వరెన్ వీధి కూడా అక్కడికి నడిచి వెళ్లేంత దగ్గర. తను విడాకుల తర్వాత బతికిన పేటనే ఎలెన్‌కు ఇచ్చింది. కొడుకు పైకి వెళ్తాడు. ఆర్చర్ కింద బెంచీ మీద కూర్చుని అయిదో అంతస్తు కిటికీల వైపు చూస్తుంటాడు. చీకటి పడుతుంది. ఒక పనివాడు బాల్కనీలోకి వచ్చి ఎండతెరలు ఎత్తి, కిటికీ రెక్కలు మూస్తాడు. ఆర్చర్ లేచి హోటల్ వైపు ఒక్కడే నడుస్తాడు.